వైట్‌నర్ వాడొద్దు: ఫార్మా క్యూసీ వాక్-ఇన్‌కు వచ్చే పిల్లలకు

శనివారం వాక్-ఇన్ ఇంటర్వ్యూలు ఉన్నాయంటే మా గేటు దగ్గర ఏడున్నరకే జనం కనిపిస్తారు. ప్రకటనలో తొమ్మిదింటికి అని వేస్తాం. అయినా ముందొచ్చిన వాళ్లని ముందు పిలుస్తారని ఆశ. సెక్యూరిటీ అతను రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు రాయించుకుంటాడు. తర్వాత హెచ్‌ఆర్ అమ్మాయి నాలుగు పేజీల అప్లికేషన్ ఫారం చేతిలో పెడుతుంది. అది నింపి, కుర్చీలో వరస జరుగుతూ జరుగుతూ నా గదిలోకి వచ్చేసరికి కొందరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది.

నేను జీడిమెట్ల వైపు ఒక మాత్రల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ), అంటే మందుని పరీక్షించే విభాగం, చూస్తాను. పదకొండేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. వచ్చేవాళ్లంతా దాదాపు బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ పిల్లలు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, పల్నాడు నుంచి, శ్రీకాకుళం నుంచి రాత్రి బస్సెక్కి వస్తారు. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. మాత్రని పరీక్ష చేసే ఉద్యోగానికి ఎలా రావాలో చెప్పేవాళ్లు కనబడరు. పాశమైలారం కానివ్వండి, జడ్చర్ల కానివ్వండి, అటు పరవాడ, పైడిభీమవరం కానివ్వండి, క్యూసీ వాళ్లు చూసేది ఒకటే. ఈ మనిషి రాసిన కాగితాన్ని నమ్మొచ్చా?

ఈ మాట నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది.

2006లో ఎమ్మెస్సీ పరీక్షలైన నెలకే మిర్యాలగూడ నుంచి తెల్లవారుజామున బస్సెక్కాను. నాన్న కూడా వచ్చి గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. నా రెజ్యూమె నాది కాదు. ఒక సీనియర్ దగ్గర తీసుకుని, ఇంటర్నెట్ సెంటర్‌లో పేరూ మార్కులూ మార్పించాను. అందులో, మందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే మిషన్ గురించి, 'హెచ్‌పీఎల్‌సీ హ్యాండ్లింగ్' అని ఒక లైను ఉంది. తీసేయలేదు. కాలేజీ వాళ్లు ఇండస్ట్రియల్ విజిట్‌కి తీసుకెళ్లినప్పుడు అద్దం అవతల ఆ మిషన్‌ని చూశాను కదా అని ధైర్యం.

ప్యానెల్‌లో ఉన్నది ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన పెద్దాయన. ఇప్పటి పిల్లలకి ఐడీపీఎల్ అంటే బాలానగర్ దగ్గర ఒక బస్‌స్టాప్ పేరు. 1961లో ఏర్పడిన ఆ ప్రభుత్వ మందుల కంపెనీలో పని నేర్చుకున్నవాళ్లే తర్వాత ఈ ఊళ్లో సగం ల్యాబులు నిలబెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ చేసినవారే.

"హెచ్‌పీఎల్‌సీ చేశావా అమ్మా?" అన్నాడాయన.

"చేశాను సార్."

"ఏ కాలమ్?"

"సీ18 సార్." అది పుస్తకంలో ఉంది.

"ఎంత పొడవుంటుంది?"

రెండు చేతులూ చాపి మూరెడు చూపించాను. ఆయన నవ్వలేదు. టేబుల్ డ్రాయర్ లాగి ఒక సన్నటి స్టీలు గొట్టం తీసి నా ముందు పెట్టాడు. అదే కాలమ్, 250 మిల్లీమీటర్లు. జానెడు మీద వేలెడు ఉంటుందేమో. లావు పెన్సిలంత.

"చేయనిది చేశానని రాయకూడదమ్మా. వేరే ఉద్యోగాల్లో సంగతి నాకు తెలియదు. ఇక్కడ నువ్వు రాసిన కాగితం చూసి ఎవరో మందు మింగుతారు" అన్నాడు.

బయటికొచ్చి నాన్నతో "ఫోన్ చేస్తారంట" అన్నాను. చేయరని ఆయనకీ అర్థమైంది. మూడు వారాల తర్వాత ఇంకో కంపెనీకి వెళ్లేటప్పుడు రెజ్యూమె చేత్తో మళ్లీ రాసుకుని కొట్టించాను. టైట్రేషన్లు చేశాను, యూవీ మిషన్ మీద నాలుగు రీడింగులు తీశాను, హెచ్‌పీఎల్‌సీ చూశాను గానీ ముట్టుకోలేదు. అంతే ఉంది అందులో. నెలకి 4,500 జీతానికి ట్రైనీగా తీసుకున్నారు.

రెజ్యూమె

మీ రెజ్యూమెలో కూడా మూడు మాటలు విడివిడిగా రాయండి: సొంతంగా చేసినవి, పక్కన నిలబడి చూసినవి, చదివినవి. ఇలా రాస్తే తక్కువగా కనిపిస్తుందని భయం వద్దు. ఫ్రెషర్‌కి హెచ్‌పీఎల్‌సీ వచ్చి ఉండాలని మేం అనుకోం. వచ్చినా రాకపోయినా చేరగానే ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు) చదివించి, ప్రతి పరికరం మీదా ట్రైనింగ్ ఇచ్చి, పరీక్ష పెట్టి పాసయ్యాకే బ్యాచ్ శాంపిల్ చేతికిస్తాం. అది నియమం. ఎలాగూ మేం నేర్పే దాని కోసం అబద్ధం ఎందుకు? కూకట్‌పల్లిలోనో అమీర్‌పేటలోనో డబ్బు కట్టి కోర్సు చేశారనుకోండి, ఎన్ని రోజులు చేశారో, అందులో మీ చేత్తో మిషన్‌లోకి శాంపిల్ ఎన్నిసార్లు ఎక్కించారో, అంటే ఎన్ని ఇంజెక్షన్లు వేశారో, రాయండి. 'అడ్వాన్స్‌డ్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో సర్టిఫికెట్' అనే దాని కంటే 'పది రోజులు, ఆరు ఇంజెక్షన్లు' అన్నది నాకు ఎక్కువ పనికొస్తుంది.

పైన నాలుగు లైన్ల 'కెరీర్ ఆబ్జెక్టివ్' ఒకటి రాస్తారు కదా, అది తీసేయండి. మీ ముందు వచ్చిన ముప్పై మందిదీ అదే పేరా, అదే కామా. ఆ చోటులో మీ ప్రాజెక్టు గురించి రెండు మాటలు రాస్తే చదువుతాను.

కింద డిక్లరేషన్ దగ్గర తేదీ చూసుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. పోయిన ఏడాది ఎవరికో ఇచ్చిన రెజ్యూమెని ప్రింట్ తీసుకొచ్చేస్తారు. పైన 'పైన చెప్పినదంతా నిజమని ధృవీకరిస్తున్నాను' అని ఉంటుంది, కింద పోయిన ఏడాది ఆగస్టు తేదీ ఉంటుంది, సంతకం ఇవాళ్టిది. మా పనిలో దీన్ని బ్యాక్‌డేటింగ్ అంటారు. తనిఖీకి వచ్చిన ఆడిటర్ పట్టుకుంటే కంపెనీ మెడకి చుట్టుకుంటుంది. తేదీ ఖాళీగా వదిలి ప్రింట్ తీయండి, ఇచ్చే రోజు పెన్నుతో వేయండి.

ఈమెయిల్ ఐడీ ఇంటర్‌లో సరదాకి పెట్టుకున్నది ఉంటే పేరుతో కొత్తది తెరవండి. ఫోన్ నంబరు మీ దగ్గరుండేదే ఇవ్వండి. ఊళ్లో నాన్నగారి నంబరు ఇస్తే మేం చేసినప్పుడు ఆయన పొలంలో ఉంటారు. సబ్జెక్టులు మిగిలుండి రెండేళ్లు ఆలస్యంగా పాసైతే ఆ సంవత్సరమే రాయండి, మెమోల మీద ఎలాగూ ఉంటుంది.

ఫారం

అప్లికేషన్ ఫారాన్ని చాలామంది ఒక అడ్డంకిలా చూస్తారు. తొందరగా గీకేసి లోపలికి పోదామనుకుంటారు. నేను మాత్రం మనిషి కూర్చునేలోపు ఫారమే చూస్తాను. ఎందుకంటే రేపు చేరాక మీరు రోజంతా చేసేది అదే. లాగ్‌బుక్కులు నింపడం, రీడింగులు రాయడం, సంతకం పెట్టడం. పరీక్ష కంటే రాతే ఎక్కువ.

మూడేళ్ల కిందట యూనివర్సిటీలో మంచి ర్యాంకు ఉన్న అమ్మాయి వచ్చింది. ఫారంలో డిగ్రీ శాతం తప్పు రాసిందేమో, దాని మీద వైట్‌నర్ పూసి పైన మళ్లీ రాసింది. బ్యాగులో వైట్‌నర్ పెట్టుకొచ్చింది మరి, అంత జాగ్రత్త! తప్పు ఆమెది కాదు, కాలేజీలో రికార్డు నీట్‌గా ఉంటే మార్కులు వేస్తారు. కానీ క్యూసీ ల్యాబులోకి వైట్‌నర్ సీసా రానివ్వం. కింద ఏముందో కనబడకుండా చేసే ఏ వస్తువుకీ అక్కడ చోటు లేదు. ఓవర్‌రైటింగ్ కూడా అంతే. 3ని 8 చేయడం, 1ని 7 చేయడం.

తప్పు పడితే ఒకే ఒక అడ్డగీత కొట్టండి, కింద రాసింది చదవగలిగేలా. పక్కన సరైనది రాయండి. పొట్టి సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేయండి. అంతే. ఆ మధ్య మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన బీఎస్సీ అబ్బాయి పుట్టిన తేదీ తప్పు రాసి సరిగ్గా ఇలాగే దిద్దాడు. "ఎవరు చెప్పారు బాబూ?" అంటే, "మా అక్క ప్యాకింగ్‌లో చేస్తుంది మేడం, గట్లనే కొట్టాలంటది" అన్నాడు. నేనూ, పక్కన క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ) ఆయనా మొహాలు చూసుకున్నాం.

ఖాళీ గడులు వదలకండి. మీకు వర్తించనిదైతే 'వర్తించదు' అని రాయండి లేదా గీత గీయండి. ఇద్దరు పరిచయస్తుల వివరాలు అడిగే చోట వాళ్లకి ముందే చెప్పి నంబర్లు రాయండి. పెన్ను మీదే తెచ్చుకోండి, నీలం బాల్‌పెన్ను. పక్కవాళ్లని పెన్ను అడిగేవాళ్లు ప్రతి వాక్-ఇన్‌లోనూ పదిమంది ఉంటారు.

ఫైలులో కాగితాలు ఈ వరసలో పెట్టండి: రెజ్యూమె, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ సీఎంఎం (మార్కులన్నీ కలిపి ఇచ్చే మెమో), ప్రొవిజనల్, పీజీ ఉంటే దానివి, ఆధార్, పాన్. జెరాక్సులు రెండు సెట్లు, ఫొటోలు నాలుగు. ఒరిజినల్స్ వేరే కవర్లో ఉంచుకోండి. చూపించండి, తిరిగి తీసుకోండి. ఎవరైనా చేరే ముందు ఒరిజినల్స్ మా దగ్గర ఉంచండి అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇంకో మాట, తిని రండి. శనివారం ఒక్కపొద్దు ఉండి వచ్చి, ఎండలో నిలబడి, పన్నెండింటికి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లల్ని చూశాను. వెంకన్న ఏమీ అనుకోడు. బ్యాగులో రెండు అరటిపళ్లు, నీళ్ల సీసా పెట్టుకోండి.

లోపల ఏం అడుగుతాం

'మై సెల్ఫ్' అని మొదలుపెట్టే బట్టీ పరిచయం నాకు వినాలని ఉండదు. మీ పేరు ఫారంలో ఉంది. ఊరు, చదువు, ఇష్టమైన ల్యాబ్ పని ఏంటో ఒక నిమిషంలో చెప్పేయండి. ఇంగ్లిష్ తడబడుతుంటే "మేడం, తెలుగులో చెప్పొచ్చా?" అని అడగండి. నా ప్యానెల్‌లో ఎవరినీ ఈ ఒక్క కారణంతో పంపలేదు. అలాగని ఇంగ్లిష్ అక్కర్లేదని చెప్పను. అమెరికా నుంచి ఆడిటర్ వచ్చినప్పుడు నేరుగా బెంచీ దగ్గరికొచ్చి, ఆ రోజు పని చేస్తున్న అనలిస్ట్‌నే అడుగుతాడు, మేనేజర్‌ని కాదు. అప్పుడు మీరు చేసే పని మీరే చెప్పాలి. అందుకని ఇంట్లో కూర్చుని ఒక ప్రయోగాన్ని పది చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసుకోండి. తూచాను, కరిగించాను, వడగట్టాను, రీడింగ్ తీశాను. ఆ పది వాక్యాలు పైకి చదవండి. పెద్ద మాటలు వద్దు.

మొదటి ప్రశ్న చాలాసార్లు ఇది: 0.1 నార్మల్ హెచ్‌సీఎల్ ఒక లీటరు చెయ్యి. లెక్క తేలికే. గాఢమైన యాసిడ్ సుమారు 12 నార్మల్ ఉంటుంది కాబట్టి 8.5 ఎంఎల్ దాకా పడుతుంది. నేను లెక్క ఒక్కటే చూడను. ముందు ఫ్లాస్కులో నీళ్లు పోస్తానన్నారా లేదా? యాసిడ్‌లో నీళ్లు పోస్తానంటే ఆ రోజు మీ పక్క బెంచీ వాళ్ల గురించి నాకు భయం. ఫ్యూమ్ హుడ్ కింద చేస్తానని, గ్లవ్స్ వేసుకుంటానని, చివర్లో లేబుల్ అంటించి తేదీ వేస్తానని చెప్పేవాళ్లు అరుదు. చెప్పిన రోజు నా పెన్ను దానంతట అదే టిక్కు పెడుతుంది.

తర్వాత తూకం. "బ్యాలెన్స్ మీద తూచే ముందు ఏం చూస్తావు?" అంటే 'జీరో చేస్తాను' అంటారు. అంతకు ముందు అది చదునుగా ఉందో లేదో నీటి బుడగ చూడాలి, రోజువారీ క్యాలిబ్రేషన్ అయిందో లేదో లాగ్‌బుక్ చూడాలి. పీహెచ్ మీటర్ అయితే ఏ బఫర్లతో సరిచూస్తారు? 4, 7, 9.2. ఇవి మీ కాలేజీ ల్యాబులోనే ఉన్నాయి. వెళ్లే ముందు వారం ఒకసారి అటెండర్‌ని బతిమాలి ల్యాబు తెరిపించుకుని చూసి రండి.

మాత్రల కంపెనీకి వస్తే డిసొల్యూషన్, అంటే మాత్రలోని మందు ఎంతసేపట్లో ఎంత కరుగుతుందో చూసే పరీక్ష, తప్పదు. ఆరు గిన్నెల్లో ఆరు మాత్రలు, ఎక్కువగా 900 ఎంఎల్ ద్రవం, 37 డిగ్రీలు, అర డిగ్రీ అటూ ఇటూ. 37 ఎందుకు అంటే ఒంటి వేడి కాబట్టి. గిన్నెలో తిరిగే బాస్కెట్‌కీ ప్యాడిల్‌కీ తేడా అడుగుతాను. బొమ్మ గీస్తానంటే కాగితం ఇస్తాను. గీసేవాళ్లంటే నాకు ఇష్టం, చేతికి తెలిసిన విషయం నోటికి రాకపోవచ్చు.

హెచ్‌పీఎల్‌సీ గురించి చదివి వస్తే రెండు ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి. మొబైల్ ఫేజ్‌ని, అంటే కాలమ్‌లోంచి పారే ద్రవాన్ని, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో ఎందుకు వడగడతాం, గాలి ఎందుకు తీసేస్తాం? నలుసు కాలమ్‌ని మూసేస్తుంది, బుడగ పంపులో చేరితే ప్రెషర్ ఎగిరి పడిపోతుంది. రెండోది సిస్టమ్ సూటబిలిటీ. చాలామంది టెయిలింగ్ 2 దాటకూడదు, ప్లేట్లు 2,000 తగ్గకూడదు అని గడగడా అప్పజెబుతారు. ఎందుకని అడిగితే ఆగిపోతారు. ఈ రోజు ఈ మిషన్ చెప్పేది నమ్మొచ్చో లేదో శాంపిల్ పెట్టేముందే తేల్చుకోవడం. ఇట్లా మీ మాటల్లో చెప్పగలిగితే అంకెలు ఒకటి మర్చిపోయినా పర్లేదు.

ఇంక నేను ఎప్పుడూ అడిగేది ఒకటుంది. పరీక్ష చేశావు, ఫలితం లిమిట్ దాటింది. రాత్రి తొమ్మిదిన్నర అయింది, పదింటికి షిఫ్ట్ అయిపోతుంది, బస్సు గేటు దగ్గర ఉంది. ఏం చేస్తావు?

పదిమందిలో ఏడుగురు "మళ్లీ ఇంజెక్ట్ చేస్తాను మేడం" అంటారు. మళ్లీ వచ్చింది సరిగ్గా ఉంటే? "దాన్నే రిపోర్ట్ చేస్తాను." వాళ్లు మోసగాళ్లేం కాదు, తప్పు తమదే అయ్యుంటుందని అనుకునే మంచి పిల్లలు. కానీ పాస్ అయ్యేదాకా పరీక్ష చేస్తూ పోవడం కుదరదని 1993లోనే అమెరికాలో ఒక కోర్టు తేల్చిచెప్పింది. ఇప్పటికీ లిమిట్ దాటిన ఫలితాల మీద పద్ధతులన్నీ దాని నీడలోనే ఉన్నాయి. మీరు చెప్పాల్సింది సులువు. ద్రావణాలు పారబోయను, ఫ్లాస్కులు కడగను, వచ్చిన అంకె వచ్చినట్టు రాసి వెంటనే సూపర్‌వైజర్‌కి చెబుతాను. బస్సు పోతే పోనివ్వండి, ఇంకో బండి చూస్తాం.

రికార్డులు ఎలా రాయాలో చెప్పే ఆల్కోవా అనే మాట కూడా విని ఉంటారు. బట్టీ కొట్టి ఇంగ్లిష్‌లో ఐదు మాటలు చెప్పకండి. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి రావాలి, పని జరిగినప్పుడే రాయాలి, మొదట రాసిందే ఉండాలి, నిజమై ఉండాలి. దానికి మీ సొంత ఉదాహరణ ఒకటి చెప్పండి. ఒకమ్మాయి చెప్పింది: "బ్యూరెట్ రీడింగ్ అరచేతి మీద రాసుకుని తర్వాత రికార్డులో ఎక్కించేదాన్ని మేడం, అది తప్పని ఇప్పుడు తెలిసింది." తీసుకున్నాం.

మీ ప్రాజెక్టు మీద ప్రశ్నలకి మాత్రం క్షమించను. ఏదో కాంపౌండ్ సింథసిస్ అని టైటిల్ ఉంటుంది. రియాక్షన్ అయిపోయిందని ఎలా తెలిసింది? టీఎల్‌సీ (పలకా మీద చుక్క పెట్టి పదార్థాల్ని విడదీసి చూడటం) పెట్టాం. ఏ సాల్వెంట్లు, ఏ పాళ్లలో? మౌనం. కొనుక్కున్న ప్రాజెక్టు ఇక్కడ బయటపడుతుంది. నలుగురు కలిసి చేస్తే మీరు చేసిన ముక్క ఏదో అదే చెప్పండి, "నేను టీఎల్‌సీలు మాత్రమే పెట్టాను మేడం" అన్నా చాలు.

తెలియకపోతే తెలియదనండి. అయితే ప్రతిదానికీ నవ్వి "మర్చిపోయాను మేడం" అనడం వేరు. "బాస్కెట్ ఎప్పుడు వాడతారో తెలుసు, స్పీడ్ ఎంతో తెలియదు" అని తెలిసినంత వరకూ చెప్పి అక్కడ ఆగండి. గాలిలో అంకె విసిరితే, తర్వాత మీరు చెప్పే సరైన అంకెలూ నాకు అనుమానంగానే వినిపిస్తాయి.

బట్టలు, షిఫ్టులు, పెళ్లి

ఇస్త్రీ చేసిన చొక్కా, మూసి ఉన్న బూట్లు. అమ్మాయిలు చుడీదారో చీరో, ఏది అలవాటైతే అది. టై అక్కర్లేదు, ఆ అప్పు తెచ్చిన కోటూ అక్కర్లేదు. గోళ్లు కత్తిరించుకోండి, నెయిల్ పాలిష్ తీసేయండి. చేతికి కట్టిన తాళ్లు, ఉంగరాలు ప్రొడక్షన్‌లోకి వెళ్లేటప్పుడు ఎలాగూ తీయాల్సిందే. కార్తీకంలో మాలలో ఉన్న అబ్బాయిలు నల్లబట్టల్లో చెప్పుల్లేకుండా వస్తారు. మా దగ్గర ఎవరూ ఏమీ అనరు. కూర్చోగానే "మాలలో ఉన్నాను మేడం" అని ఒక మాట చెప్పండి, చేరే తేదీ మండలం అయ్యాక అడగండి.

షిఫ్టుల గురించి అడిగితే ముందే ఇంట్లో మాట్లాడుకుని రండి. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. 'దేనికైనా రెడీ' అని చేరిన మూడో వారం రాత్రి షిఫ్ట్ పడగానే మానేసేవాళ్ల వల్ల తర్వాత వచ్చే పిల్లలకి నష్టం. రూము ఎక్కడ తీసుకుంటారో ఆలోచించి ఉంచుకోండి. చింతల్‌లోనో, షాపూర్‌నగర్‌లోనో, బాచుపల్లిలోనో. కంపెనీ బస్సు ఏ దారిలో వస్తుందో అడగండి, అడిగితే పనికి వస్తారన్న నమ్మకం మాకు కలుగుతుంది.

అమ్మాయిల్ని కొన్ని ప్యానెల్స్‌లో "పెళ్లెప్పుడు?" అని ఇప్పటికీ అడుగుతారు. నన్నూ అడిగారు. నా గదిలో అడగనివ్వను. మీకు ఎదురైతే కోపం చూపక్కర్లేదు, సంజాయిషీ కూడా ఇవ్వక్కర్లేదు. "పని మానేసే ఆలోచన లేదు సార్" అని ఊరుకోండి. రెండోసారి తరిచి అడిగితే ఆ కంపెనీ గురించి మీకూ ఒక సంగతి తెలిసినట్టే.

ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లు

దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అమ్మే చోట్లు ఈ ఊళ్లో ఉన్నాయని అందరికీ తెలుసు. కొనకండి. నీతి సంగతి పక్కన పెట్టినా, అది దొరికిపోతుంది. మీ పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్ కింద ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశారో వరసగా కనబడుతుంది. నిజంగా చేసిన కంపెనీ పీఎఫ్ కట్టకపోతే ఆ మాట ముందే చెప్పి, బ్యాంకులో జీతం పడిన స్టేట్‌మెంట్ చూపించండి.

పాత చోట ఎందుకు మానేశావంటే మేనేజర్‌ని తిట్టడం మొదలెడతారు. జీతం తక్కువ, దూరం ఎక్కువ, నేర్చుకునేది అయిపోయింది, ఏది నిజమైతే అది ఒక వాక్యంలో చెప్పండి. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే కూడా అంతే. నాన్నకి ఆపరేషన్ అయి ఊళ్లో ఉన్నానన్న అబ్బాయిని ఇంకో ప్రశ్న అడగలేదు. పాత కంపెనీ మెథడ్లు, ఫార్ములాలు మాత్రం చెప్పకండి. మేమే ఉత్సాహంగా అడిగినా చెప్పకండి. ఒక్కోసారి కావాలనే అడుగుతాం.

జీతం, ఆ తర్వాత

ఫ్రెషర్ అయితే జీతం దగ్గర 'కంపెనీ నిబంధనల ప్రకారం' అని రాస్తే సరిపోతుంది. ఎక్స్‌పీరియన్స్ ఉంటే అంకె రాయండి. ఆఫర్ చేతికి వచ్చాక సీటీసీకీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చుకీ) చేతికొచ్చేదానికీ తేడా అడిగి తెలుసుకోండి. కంపెనీ మీ పేరున కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ వంటివన్నీ సీటీసీలోనే కలిపి చూపిస్తారు. పైగా మీ వాటా పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, ఈఎస్‌ఐ ఉంటే 0.75 శాతం జీతంలోంచి పోతాయి. క్యాంటీన్, బస్సు డబ్బులు పట్టుకుంటారా, ట్రైనింగ్ ఎన్ని నెలలు, బాండ్ ఉందా అన్నవి అడగడంలో సిగ్గేమీ లేదు. హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే చెబుతారు, అడగకపోతే చెప్పరు.

వాట్సాప్ గ్రూపుల్లో 'డైరెక్ట్ జాయినింగ్, 15,000 కట్టండి' అని వస్తే కట్టొద్దు. సరైన కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు.

ఫోన్ చేస్తామని చెప్పి చేయని వాళ్లం మేం కూడా. అది మా తప్పే. వారం చూసి హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి, పేరు, ఇంటర్వ్యూ తేదీ, ఏ పోస్టుకో రాసి. రోజూ ఫోన్ చేయకండి.

రాకపోతే ఆరు నెలల తర్వాత మళ్లీ రండి. మా ఫారం మూడో పేజీలో 'ఇంతకు ముందు ఈ కంపెనీలో ఇంటర్వ్యూకి హాజరయ్యారా?' అని ఒక గడి ఉంటుంది. చాలామంది భయపడి 'లేదు' అని రాస్తారు. పాత ఫారాలు మా దగ్గర బీరువాలో ఉంటాయి. 'అవును' అని రాసి తేదీ వేసిన వాళ్ల పాత ఫారం తెప్పించుకుని, అప్పుడు చెప్పలేకపోయిన ప్రశ్నే మళ్లీ అడుగుతాను.